సముద్రానికి ఎంత దూరం? ఆసుపత్రికి ఎంత దగ్గర?

ఫ్లోరిడాలో ఇల్లు కొనబోయే అరవై అయిదేళ్ల మనిషిని బీమా కంపెనీ ముందుగా అడిగేది ఆయన వయసు కాదు, ఇంటి పైకప్పు వయసు. కప్పు ఏ సంవత్సరంలో వేశారు? పర్మిట్ ఉందా? నాలుగు వైపులకూ వాలుగా దిగిందా, రెండు వైపులకేనా? దూలాలను గోడకు బిగించింది మేకులతోనా, ఇనప పట్టీలతోనా? మనిషికి బీపీ, షుగర్ ఉన్నా ఫరవాలేదు, కప్పుకి పదిహేనేళ్లు దాటితే మాత్రం కంపెనీ మొహం తిప్పుకుంటుంది. పదిహేనేళ్లలోపు కప్పును వయసు సాకుతో తిరస్కరించడానికి వీల్లేదని 2022లో రాష్ట్రం చట్టమే చేయాల్సి వచ్చింది.

రిటైర్మెంట్ అంటే ఫ్లోరిడా అనుకోవడం అమెరికన్లకు వందేళ్ల అలవాటు. అది మనవాళ్లకీ అంటుకుంది. డెబ్బైల్లో, ఎనభైల్లో డాక్టర్లుగా వెళ్లి మిషిగన్‌లోనో, ఒహాయోలోనో స్థిరపడిన తరం ఇప్పటికే ప్రాక్టీసు మానేసింది. వైటూకే రోజుల్లో న్యూజెర్సీలో దిగిన ఇంజినీర్లు అరవైకి దగ్గరపడుతున్నారు. వాకిట్లో మంచు ఎత్తిపోసీ ఎత్తిపోసీ నడుములు పట్టేశాయి. పిల్లల్లో ఒకరు సియాటిల్‌లో, ఇంకొకరు బోస్టన్‌లో. ఇండియా వెళ్లిపోదామంటే మనవలు ఇక్కడ, పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ కూడా ఇక్కడే. అమెరికా గడప దాటితే ఆ కార్డు దాదాపు పనికిరాదు. 'ఫ్లోరిడా పోదామండీ, చలి ఉండదు, స్టేట్ టాక్సూ ఉండదు' అని భోజనాల దగ్గర మాట మొదలవుతుంది. సరే, పోవచ్చు. కానీ ఏ ఫ్లోరిడాకి?

వాయవ్య మూలన పెన్సకోలా నుంచి దక్షిణాన కీవెస్ట్ దాకా కారులో వెళ్తే ఎనిమిది వందల మైళ్లకు పైమాటే. పైన ఓక్ చెట్లు, జార్జియా యాస, చలికాలంలో నీళ్లు గడ్డకట్టే రాత్రులు కొన్ని ఉంటాయి. కింద మయామీలో అంగడికెళ్లినా, బస్సెక్కినా స్పానిష్షే వినిపిస్తుంది. బ్రోషర్లలో మాత్రం రాష్ట్రమంతా ఒకే బొమ్మ: నీలం నీళ్లు, తెల్ల ఇసుక, చేతిలో చెయ్యి వేసుకుని నడిచే జంట. ఆ జంటకి అరవై రెండేళ్లుంటాయి, మోకాళ్లు బాగా పనిచేస్తుంటాయి. ఫ్లోరిడా అమ్మేది రిటైర్మెంట్‌లో మొదటి పదేళ్లనే. ఊరు ఎంచుకునేవాళ్లు చూసుకోవాల్సింది ఆ తర్వాతి పదిహేనేళ్లని.

ఎండను అమ్మినవాళ్లు

ఆదాయపు పన్ను, వారసత్వపు పన్ను ఉండకూడదని 1924లో ఫ్లోరిడా ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసేసుకున్నారు. ఉత్తరాది డబ్బు దిగిరావాలన్నదే ఉద్దేశం, దాన్నెవరూ దాచుకోలేదు. తర్వాత సోషల్ సెక్యూరిటీ పింఛను వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇంటింటికీ ఏసీ వచ్చింది, ఆపైన ఇంటర్‌స్టేట్ రహదారులు పడ్డాయి. న్యూయార్క్, న్యూజెర్సీ వాళ్లు ఐ-95 పట్టుకుని దిగి తూర్పు తీరం చేరారు. ఒహాయో, మిషిగన్ వాళ్లు ఐ-75 మీదుగా వచ్చి గల్ఫ్ తీరంలో తేలారు. బోకా రేటన్‌లో న్యూయార్క్ మాటతీరు, నేపుల్స్‌లో మిడ్‌వెస్ట్ మాటతీరు వినిపించడానికి ఆ రెండు రోడ్లే కారణం. డెట్రాయిట్ నుంచి బయల్దేరే మన డాక్టరుగారికీ ముందు గుర్తొచ్చేది గల్ఫ్ తీరమే. ఆస్పత్రిలో ఆయనకన్నా ముందు రిటైరైనవాళ్లు అక్కడున్నారు మరి.

ఈ అమ్మకంలో ఆరితేరినవాళ్లు రోజెన్ సోదరులు, లెనార్డ్, జాక్. జుట్టు మందులు, సౌందర్య సాధనాలు అమ్మి గడించినవాళ్లు. 1957లో గల్ఫ్ పక్కన పల్లపు నేల కొని తవ్వడం మొదలుపెట్టారు. తవ్విన మట్టితో స్థలాలు మెరకయ్యాయి, తవ్విన గోతులు కాలవలయ్యాయి, కాలవ పక్కనున్న ప్రతి ముక్కా 'వాటర్‌ఫ్రంట్' అయిపోయింది. అలా పుట్టిన కేప్ కోరల్‌లో ఈరోజు 400 మైళ్ల కాలవలున్నాయి. ఉత్తరాదిలో మంచులో కూర్చున్నవాళ్లు నేలను కళ్లతో చూడకుండానే వాయిదాల మీద కొనేశారు. వ్యాపారపు తెలివి మాత్రం మెచ్చుకోవాల్సిందే.

2022 సెప్టెంబర్ 28న ఇయన్ తుపాను ఆ ప్రాంతానికే వచ్చింది. గంటకు 150 మైళ్ల గాలితో కాయో కోస్టా దీవి దగ్గర తీరం దాటింది. ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో ఉప్పెన ఇళ్లను ఊడ్చేసింది, సానిబెల్ దీవికి ఉన్న ఒక్క రోడ్డు దారీ తెగిపోయింది. రాష్ట్రంలో దాదాపు 150 మంది చనిపోతే, అందులో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. ఎక్కువ ప్రాణాలు తీసింది గాలి కాదు, నీరు. 1977 దివిసీమ ఉప్పెన గురించి పెద్దల నోట విన్నవాళ్లకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండేళ్ల తర్వాత 2024 సెప్టెంబర్ 26న హెలీన్ తుపాను తీరం తాకింది చాలా ఉత్తరాన. అయినా దక్షిణాన ఎక్కడో ఉన్న సెయింట్ పీట్ బీచ్ ఇళ్లలోకి ఉప్పునీళ్లు వచ్చాయి. నానిపోయిన సోఫాలు, పరుపులు, ఫ్రిజ్‌లు ఇంకా రోడ్డు పక్కన గుట్టలుగా ఉండగానే, పదమూడో రోజున మిల్టన్ అనే ఇంకో తుపాను వచ్చి సియెస్టా కీ దగ్గర తాకింది.

టాక్సు మిగిలింది, ప్రీమియం మింగింది

బీమా గొడవకు మూలం ఇక్కడుంది. మామూలు ఇంటి బీమా గాలి నష్టానికి ఇస్తుంది, వరద నష్టానికి ఇవ్వదు. వరదకి విడిగా పాలసీ తీసుకోవాలి. ఫెడరల్ ప్రభుత్వ పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000. సాధారణంగా తీసుకున్న 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, కాబట్టి టీవీలో తుపాను చూసి పరిగెత్తినా లాభం లేదు. గాలి నష్టంలోనూ ఒక మెలిక ఉంది. హరికేన్ వస్తే మన జేబులోంచి ముందు పెట్టుకోవాల్సింది డాలర్ల లెక్కలో కాదు, శాతాల్లో ఉంటుంది. ఇల్లు 4,00,000 డాలర్లకు బీమా చేసి, ఆ వాటా 2 శాతమైతే, మొదటి 8,000 డాలర్లు మనవే.

ఈ మధ్య వరసగా తుపానులు, కోర్టు కేసులు పెరిగి ఫ్లోరిడాలో కొన్ని బీమా కంపెనీలు దివాలా తీశాయి. ఎవరూ బీమా ఇవ్వని ఇళ్ల కోసం 2002లో పెట్టిన సిటిజన్స్ అనే సంస్థ దగ్గర 2023 నాటికి దాదాపు 14 లక్షల పాలసీలు పోగయ్యాయి. ఆఖరి దిక్కుగా పెట్టిన సంస్థ రాష్ట్రంలోకెల్లా పెద్ద బీమాదారు అయి కూర్చుంది. ఆ తర్వాత పాలసీలు మళ్లీ ప్రైవేటు కంపెనీలకు మళ్లాయి కానీ ప్రీమియం మాత్రం పాత రోజులకు దిగిరాలేదు. మిషిగన్‌లో కట్టే స్టేట్ టాక్సు ఎంత, తీరంలో కట్టబోయే బీమా ఎంత అని ఒక కాగితం మీద పక్కపక్కన వేసుకుంటే చాలామందికి ఉత్సాహం అక్కడే సగం తగ్గుతుంది.

ఆస్తిపన్ను దగ్గర ఇంకో చిక్కు. ఇంట్లో సొంతంగా ఉంటున్నవాళ్లకి పన్ను లెక్కగట్టే విలువ ఏడాదికి 3 శాతానికి మించి పెరగకూడదని 1992లో ఓటర్లు తీర్మానించుకున్నారు. పాతికేళ్లుగా అదే ఇంట్లో ఉన్నాయనకి బిల్లు చాలా తక్కువ. అది చూసి మనకీ అంతే అనుకుంటే కొంప మునుగుతుంది. ఇల్లు చేతులు మారగానే విలువ మార్కెట్ ధరకు ఎగురుతుంది. అమ్మేవాడి పన్ను రసీదు కొనేవాడికి ఎందుకూ కొరగాదు.

ఇల్లెందుకు, కాండో ఫ్లాటు కొనుక్కుంటే గడ్డి కోయక్కర్లేదు, కప్పు చూసుకోక్కర్లేదు అంటారు కొందరు. 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక సర్ఫ్‌సైడ్‌లో సముద్రం ఒడ్డునున్న పన్నెండంతస్తుల షాంప్లేన్ టవర్స్ సౌత్ కుప్పకూలి 98 మంది చనిపోయారు. అది 1981లో కట్టిన భవనం. మరమ్మతులు అవసరమని ముందే తెలుసు, ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలన్న దగ్గర ఏళ్లు గడిచిపోయాయి. ఆ తర్వాత 2022లో వచ్చిన చట్టం ప్రకారం మూడంతస్తులు, అంతకు మించిన కాండో భవనాలకు 30 ఏళ్లు నిండితే ఇంజినీరు తనిఖీ తప్పనిసరి. పెద్ద మరమ్మతులకు నిధి వేరుగా పోగుచేయాలి. ఇంతకుముందు సభ్యులంతా చేతులెత్తి 'ఈ ఏడాదికి వద్దులే' అనుకునేవాళ్లు. ఆ సౌకర్యం చాలావరకు పోయింది. వాయిదా వేసిన ఖర్చంతా ఒక్కసారిగా మీద పడి, పింఛను మీద బతికేవాళ్ల చేతికి వేల డాలర్ల నోటీసులు వచ్చాయి. పాత కాండోలు చవగ్గా అమ్మకానికి కనిపిస్తున్నాయంటే దాని వెనక కథ ఇది. కొనేముందు భవనం వయసు, తనిఖీ నివేదిక, నిధిలో ఎంత ఉందో, సంఘం మీటింగుల మినిట్స్‌లో ఎవరు ఎవరితో పోట్లాడారో చదవాలి. నన్నడిగితే సముద్రం కనిపించే బాల్కనీ కన్నా ఆ మినిట్సే ఎక్కువ చెబుతాయి.

ఎత్తున్న ఫ్లోరిడా

మరి లోపలికి జరిగితే? ఫ్లోరిడా బల్లపరుపు నేల అనేది నిజమే. రాష్ట్రం మొత్తంలో అతి ఎత్తయిన చోటు బ్రిటన్ హిల్ 345 అడుగులే. కానీ నడిమధ్యలో, ఓర్లాండోకి పడమరగా, ఉత్తర దక్షిణాలుగా ఒక వెన్నెముక ఉంది. పేరు లేక్ వేల్స్ రిడ్జ్. యుగాల కిందట సముద్రమట్టం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ ఇసుకదిబ్బలు దీవుల వరస. ఇప్పుడు క్లెర్మాంట్ లాంటి ఊళ్లు దాని మీదే ఉన్నాయి. ఒకప్పుడు అక్కడంతా నారింజ తోటలు. తోటలు చూపించడానికే 1956లో సిట్రస్ టవర్ కట్టారు. ఎనభైల్లో వరసగా పడిన మంచుకి చెట్లు చచ్చాయి, రైతులు భూములు అమ్ముకున్నారు. టవర్ ఇంకా ఉంది. పైకెక్కితే కనిపించేది ఎక్కువగా ఇళ్ల కప్పులే.

ఉప్పెన ఇంత దూరం రాదు. గాలీ, వానా మాత్రం వస్తాయి. 1992లో ఆండ్రూ తుపాను ఇళ్లను పేకముక్కల్లా లేపేశాక కట్టడాల నిబంధనలు మార్చారు, కొత్త రాష్ట్రవ్యాప్త కోడ్ 2002లో అమల్లోకి వచ్చింది. ఇంటికి ముందు గ్రానైటూ, కొలనూ కాదు చూడాల్సింది, 2002కి ముందా తర్వాతా అన్నది. ఫోర్ట్ మయర్స్‌కి లోతట్టున ఎత్తైన చోట కట్టిన బాబ్‌కాక్ రాంచ్ అనే సోలార్ పట్టణంలో ఇయన్ రాత్రి కూడా కరెంటు పోలేదు. కట్టే తీరు మారితే కథ మారుతుందనడానికి ఆ ఊరు సాక్ష్యం.

లోపలి ఫ్లోరిడాకి రాజధాని లాంటిది ది విలేజెస్. హెరాల్డ్ ష్వార్ట్జ్ అనే వ్యాపారి మొబైల్ ఇళ్ల పార్కుగా మొదలుపెట్టింది, ఇప్పుడు మూడు కౌంటీల్లో విస్తరించింది. 2010 నుంచి 2020 దాకా అమెరికాలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన మెట్రో ప్రాంతం ఇదే, 39 శాతం. 2020 జనాభా లెక్కల్లో 1,29,752 మంది. ఊరంతా గోల్ఫ్ కార్టులే. వాటికి విడిగా దారులు, సొరంగాలు, వంతెనలు ఉన్నాయి. సాయంత్రం చౌరస్తాల్లో పాటకచేరీ, జనం డాన్సులు. ఒంటరితనం ఇక్కడ అంత తేలిగ్గా దొరకదు.

అయితే మన ఇళ్లలో మొదటి అభ్యంతరం ఇక్కడే వస్తుంది. ఇది 55 దాటినవాళ్ల ఊరు. చాలా భాగంలో 19 ఏళ్లలోపు పిల్లలు నివాసం ఉండకూడదు. చుట్టపుచూపుగా వస్తే ఏడాదికి 30 రోజులే. 'మనవడు వేసవి సెలవులకి వస్తే రోజులు లెక్కపెట్టుకోవాలా అండీ?' అన్న ప్రశ్నకి సేల్స్ ఆఫీసు దగ్గర నవ్వే జవాబు. ఇంట్లో కోడలు పురుడు పోసుకుంటే, అమ్మాయి విడాకులు తీసుకుని పిల్లతో వస్తే ఎక్కడ పెట్టుకుంటారు? అమెరికన్ దంపతులకి ఆ నిబంధన నిశ్శబ్దం కోసం ఇచ్చిన హామీ. మనవాళ్లకి అది ఇంటి తలుపుకి వేసిన గొళ్లెం.

ఇంకో రెండు సంగతులు. ఇలాంటి ఊళ్లలో రోడ్లు, మురుగుకాలవలు వేయడానికి తెచ్చిన అప్పు ఇంటి ధరలో కలవదు. 'బాండ్' పేరుతో ఇంటి మీదే ఉండి ఆస్తిపన్ను బిల్లులో ఏటా వస్తుంది. ప్రకటనలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అడగాలి. రెండోది నేల. కింద సున్నపురాయి, దాన్ని నీరు కరిగిస్తూ ఉంటుంది, ఒక్కోసారి భూమి కుంగి గుంత పడుతుంది. హెర్నాండో, పాస్కో, హిల్స్‌బరో కౌంటీల్లో ఇది ఎక్కువ. దీనికి పూర్తి బీమా కావాలంటే అదీ విడిగా కొనుక్కోవాల్సిందే.

కారు తాళాలు ఇచ్చేశాక

అరవై అయిదులో అందరూ అడిగేది ఎయిర్‌పోర్టు ఎంత దూరమని. ఎనభైలో అడగాల్సి వచ్చేది మందుల షాపు ఎంత దూరమని. ఫ్లోరిడాలో ఎనభై దాటితే లైసెన్సు ఆరేళ్లకోసారి, కళ్ల పరీక్ష నెగ్గితేనే. ఊరి బయట కొత్త కాలనీలో నాలుగు పడక గదుల ఇల్లు చవగ్గా వస్తుంది. పాలప్యాకెట్‌కి కూడా ఆరు వరసల రోడ్డెక్కాలి. ఒకరు డ్రైవింగ్ మానేసి, ఇంకొకరికి అసలు అలవాటే లేకపోతే ఆ ఇల్లు జైలే. మన పెద్ద తరంలో హైవే ఎక్కని ఆడవాళ్లు తక్కువేం కాదు. ఈ ఒక్క విషయంలో ది విలేజెస్‌కి మార్కులు వేయాల్సిందే: కార్టు నడపడానికి పెద్దవాళ్లకి డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు, ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు.

వైద్యం సంగతికొస్తే జాక్సన్‌విల్‌లో 1986 నుంచి మేయో క్లినిక్ ఉంది, గేన్స్‌విల్‌లో యూనివర్సిటీ వాళ్ల షాండ్స్, టాంపాలో క్యాన్సర్‌కి మాఫిట్. ఈ మూడింటి చుట్టూ వృత్తాలు గీసుకుని ఊరు వెతకడం మొదలుపెడితే సగం గందరగోళం తీరుతుంది. మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలు కౌంటీని బట్టి మారతాయి, పక్క కౌంటీలో ఇల్లు కొంటే పాత డాక్టరు చేజారొచ్చు. అన్నిటికన్నా పెద్ద అపోహ ఒకటుంది. స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి రోజూ మనిషి కావాలంటే మెడికేర్ ఇస్తుందనుకుంటారు. ఇవ్వదు. సర్జరీ అయ్యాక కొన్నాళ్లు నర్సింగ్ సాయం వరకే. ఆ తర్వాత సొంత డబ్బు, లేదా ముందే తీసుకున్న దీర్ఘకాలిక సంరక్షణ బీమా. పిల్లలు గ్రీన్‌కార్డు మీద తెచ్చుకున్న తల్లిదండ్రులకైతే అయిదేళ్లు వరసగా అక్కడ ఉంటేగానీ మెడికేర్ కొనుక్కునే వీలే లేదు.

ఈ లెక్క తెలిసినవాళ్లు వెతికేది ఒకే ఆవరణలో సొంత ఫ్లాట్, తర్వాత సాయం చేసే మనిషితో గది, చివరికి నర్సింగ్ హోమ్ ఉండే క్యాంపస్‌లని. గేన్స్‌విల్‌లో యూనివర్సిటీతో అనుబంధంగా ఉన్న ఓక్ హామక్ అలాంటిదే. చేరేటప్పుడు కట్టే రుసుము పెద్ద మొత్తమే. అలాంటి చోట అడగాల్సిన మొదటి ప్రశ్న జనరేటర్ గురించి. 2017లో ఇర్మా తుపాను తర్వాత ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయి, ఆ ఉక్కకి 12 మంది చనిపోయారు. తర్వాతే కరెంటు పోయినా 96 గంటల పాటు లోపల 81 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా చల్లగా ఉంచాలని రాష్ట్రం నిబంధన పెట్టింది.

మనవాళ్లు, మన కూడు

ఓర్లాండోకి వాయవ్యంగా టావరెస్ అనే చిన్న ఊళ్లో ఇగ్గీ ఇగ్నేషియస్ అనే ఆయన భారతీయుల కోసం శాంతినికేతన్ అనే రిటైర్మెంట్ కాలనీ పెట్టారు. భారతీయ భోజనం, పూజా మందిరం, పక్కింట్లో మన మొహాలు. ముసలితనంలో భాష కన్నా ముందు కూడు కావాలని ఆయన పసిగట్టారు. అమెరికన్ వృద్ధాశ్రమంలో మెత్తగా ఉడికించిన బఠాణీ, బంగాళదుంప పెట్టే మధ్యాహ్నాల్ని తలుచుకుంటే చాలామంది మనసు ఇటే లాగుతుంది. టాంపాలో రాజగోపురంతో గుడి ఉంది, ఓర్లాండో పక్కన కాసెల్‌బెరీలో ఒకటి, మయామీ వైపు శివవిష్ణు ఆలయం. 2025 జులైలో నాట్స్ అనే తెలుగు సంఘం జరిపే తెలుగు సంబరాలు టాంపాలోనే జరిగాయి. దాంతో ఐ-4 రోడ్డు వెంబడి, టాంపా ఓర్లాండోల మధ్య ఎక్కడో ఒకచోట అని చాలామంది తేల్చుకుంటున్నారు. తప్పు లేదు. గుడి, ఆసుపత్రి, ఎయిర్‌పోర్టు మూడూ ఒక్క రోడ్డు మీద దొరుకుతాయి. ట్రాఫిక్ కూడా.

చలికి చచ్చే కరివేపాకు ఇక్కడ పెరట్లో చెట్టవుతుంది. నారింజ తోటల్ని నాశనం చేసిన తెగులు మోసే పురుగు దాని మీద కూడా బతుకుతుంది కాబట్టి ఆ మొక్కను రాష్ట్రం దాటించడానికి ఆంక్షలున్నాయి. అట్లాంటాలో అమ్మాయికి మొక్క పట్టుకెళ్దామని కారులో పెట్టకండి. ముందు వాకిట్లో కూరగాయలు పెంచుకోనివ్వాలని 2019లో చట్టం వచ్చింది, కానీ అది మునిసిపాలిటీల నోరే మూయించింది. ఇళ్ల యజమానుల సంఘం వద్దంటే వద్దే. బట్టలు ఆరేసుకునే తీగని మాత్రం సంఘం కూడా ఆపలేదు, చట్టమే కాపాడుతోంది. చీర ఎండలో ఆరేయాలన్న ముచ్చట ఉన్నవాళ్లకి ఇది చిన్న విజయం.

ఇవన్నీ తిరిగి, తీరంలో కొని, బీమా కట్టలేక, వేసవి ఉక్క పడలేక, సగం దారి వెనక్కి నడిచి నార్త్ కరోలినా కొండల్లో స్థిరపడేవాళ్లున్నారు. హాఫ్‌బ్యాక్‌లు అంటారు వాళ్లని. కొండ కదా, తుపాను రాదనుకున్నారు. 2024లో హెలీన్ ఫ్లోరిడా దాటి ఆ కొండల్లోని ఆష్‌విల్ లోయల్లోకే వెళ్లి కుండపోత కురిపించింది.

జనవరిలో వచ్చి చూసి కొనేవాళ్లే ఎక్కువ. ఎందుకు కొనరు, ఆ నెలలో ఫ్లోరిడా స్వర్గమే. అందుకే ఆగస్టులో రావాలి. సీజన్ కాదు కాబట్టి అద్దెలూ తక్కువ. నచ్చిన ఊళ్లో ఆ నెలా, సెప్టెంబరూ ఉండి చూడండి. మధ్యాహ్నం పిడుగుల వాన, రాత్రి తగ్గని ఉక్క, టీవీలో అట్లాంటిక్ మీద తిరిగే ఎర్ర బొట్టు, ఇవన్నీ వస్తాయి. ఇల్లు నచ్చితే చిరునామా ఏ వరద జోన్‌లో ఉందో, తుపానొస్తే ఖాళీ చేయించే ఏ జోన్‌లో ఉందో కౌంటీ వెబ్‌సైట్‌లో చూసుకోండి, రెండూ వేరు వేరు. అడ్వాన్సు ఇవ్వకముందే బీమా కొటేషన్ తెప్పించుకోండి. ఒక రాత్రి పదకొండింటికి ఆ ఇంటి ముందు నుంచి ఎమర్జెన్సీ వార్డు దాకా కారు నడిపి చూడండి, దారిలో ఎన్ని సిగ్నళ్లున్నాయో మీ ఆవిడని లెక్కపెట్టమనండి. తిరుగు ప్రయాణంలో స్టీరింగు కూడా ఆవిడకే ఇవ్వండి.